పాలీ-ఏ తోక ప్రశ్నలు నాకు ఎలా లొంగాయంటే

లైఫ్ సైన్సెస్ పరీక్షకి చదువుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పాలీ-ఏ తోక అంటే ఎంఆర్‌ఎన్‌ఏ (జన్యువు సందేశాన్ని ప్రోటీన్ తయారీకి మోసుకెళ్లే ఆర్‌ఎన్‌ఏ) చివర ఉండే అడినైన్‌ల వరస. దాని గురించి మొదట నేను బట్టీ పట్టింది అంకెలే. క్షీరదాల కణాల్లో కొత్త తోక 200 నుంచి 250 అడినైన్‌లు, ఈస్ట్‌లో 70 నుంచి 90. మాక్ టెస్టులో మాత్రం "ఈ సీక్వెన్స్ తీసేస్తే తోక ఏమవుతుంది?" అని అడిగారు. టెన్షన్‌తో ఏదో ఒకటి గుర్తించి వచ్చేశాను.

ఆ తర్వాత పద్ధతి మార్చాను. ఏ ఎలిమెంట్ (ఎంఆర్‌ఎన్‌ఏలోని చిన్న సీక్వెన్స్) కనిపించినా రెండే ప్రశ్నలు వేసుకునేదాన్ని: దీన్ని పట్టుకునే ప్రోటీన్ ఏది? అది ఏ ఎంజైమ్‌ని వెంట తెస్తుంది?

ఏయూ-రిచ్ ఎలిమెంట్‌నే తీసుకోండి. 3' యూటీఆర్‌లో, అంటే ప్రోటీన్ కోడ్ ముగిశాక తోకకి ముందుండే భాగంలో, ఏయూయూయూఏ పదే పదే వస్తుంది. దాన్ని టీటీపీ అనే ప్రోటీన్ పట్టుకుని సీసీఆర్4-నాట్ అనే ఎంజైమ్ సముదాయాన్ని రప్పిస్తుంది, అది తోకని కొరికేస్తుంది, దాంతో ఎంఆర్‌ఎన్‌ఏ నశిస్తుంది. 1986లో షా, కామెన్ ఇలాంటి ముక్కని బీటా-గ్లోబిన్ జన్యువులో పెడితే, ఎంతో స్థిరంగా ఉండే ఆ ఎంఆర్‌ఎన్‌ఏ త్వరగా నశించిపోయింది. ఈ ఒక్క ప్రయోగం అర్థమయ్యాక ఆ టాపిక్ అంటే భయం పోయింది. మైక్రో ఆర్‌ఎన్‌ఏ (ఎంఆర్‌ఎన్‌ఏలని అణచే చిన్న ఆర్‌ఎన్‌ఏ) కూడా జీడబ్ల్యూ182 అనే ప్రోటీన్ ద్వారా ఇదే ఎంజైమ్ దగ్గరికి చేరుతుంది కాబట్టి దాన్ని విడిగా చదవనక్కర్లేదు.

నాకు బాగా నచ్చింది సీపీఈ అనే ఎలిమెంట్, దాని సీక్వెన్స్ యూయూయూయూఏయూ. కప్ప అండకణంలో దాని మీద సీపీఈబీ అనే ప్రోటీన్ కూర్చుంటుంది. దానితో పాటే తోకని పెంచే జీఎల్‌డీ2, తగ్గించే పార్న్, రెండు ఎంజైమ్‌లూ ఉంటాయి. మొదట పార్న్‌దే పైచేయి. ప్రొజెస్టిరాన్ హార్మోన్ తగిలాక సీపీఈబీకి ఫాస్ఫేట్ చేరుతుంది, పార్న్ బయటికి పోతుంది, తోక పెరుగుతుంది, అనువాదం (ఎంఆర్‌ఎన్‌ఏ నుంచి ప్రోటీన్ తయారీ) మొదలవుతుంది. దీనికి ఏఏయూఏఏఏ కూడా కావాలి. కేంద్రకంలో తోక చేర్చడానికి పనిచేసే ఆ సంకేతమే ఇక్కడా అవసరమని చాలామంది గమనించరు.

హిస్టోన్‌లని (డీఎన్‌ఏ చుట్టుకునే ప్రోటీన్‌లని) మర్చిపోకండి. కణ విభజన కోసం తయారయ్యే హిస్టోన్ ఎంఆర్‌ఎన్‌ఏలకి తోక బదులు స్టెమ్-లూప్ (మడతపడి ఉచ్చులా ఏర్పడే భాగం) ఉంటుంది. "అన్ని ఎంఆర్‌ఎన్‌ఏలకీ" అన్న ఆప్షన్ చూడగానే ఇదే గుర్తు చేసుకోండి.

ఇంకొక్కటి. పొడవు తోక ఉంటే అనువాదం ఎక్కువ అన్నది తొలి పిండాల్లో బాగా కనిపిస్తుంది, గాస్ట్రులేషన్ (పిండంలో కణాల పొరలు ఏర్పడే దశ) తర్వాత ఆ సంబంధం దాదాపు పోతుంది. 2014లో వచ్చిన కొలతలు చూశాక, ప్రశ్నలో కణం పేరు ఉంటే ముందు దాని కిందే గీత గీస్తున్నాను.