ఎంబెడింగ్ ప్రశ్నలు వైవాలో నన్ను ఎలా గట్టెక్కించాయంటే

ఫలితాలొచ్చాయి, హిస్టోపాథాలజీ ప్రాక్టికల్ గట్టెక్కాను! ఫిక్సేటివ్‌లు, స్టెయిన్లు మీరు ఎలాగూ చదువుతారు కాబట్టి ఎంబెడింగ్ (టిష్యూ ముక్కను కరిగిన వాక్స్‌లో పెట్టి గట్టి బ్లాక్‌గా చేయడం) గురించి మాత్రమే రాస్తాను.

సమస్యలు, కారణాల పట్టిక బట్టీ పడితే వైవాలో నిలబడలేం. ఎగ్జామినర్ బ్లాక్ చేతిలో పెట్టి "దీనికేమైంది?" అంటారు. నాకు దారి చూపింది ల్యాబ్‌లోని ఒక బ్లాక్. ట్రిమ్ చేస్తుంటే టిష్యూ మధ్యలో గుంట పడింది. చుట్టూ వాక్స్ గట్టిగానే ఉంది, టిష్యూ మాత్రం మెత్తగా ఉంది. కరిగించగానే జైలీన్ (ఆల్కహాల్ తర్వాత, వాక్స్‌కి ముందు వాడే ద్రావకం) వాసన గుప్పుమంది. లోపల వాక్స్ ఉండాల్సిన చోట ఇంకేదో ఉందన్నమాట. ఆ రోజు నుంచి ఏ బ్లాక్ చూసినా నాది ఒకటే ప్రశ్న: వాక్స్ చోటులో ఏముంది?

జైలీన్ మిగిలితే ఇన్‌ఫిల్ట్రేషన్ (టిష్యూలోకి వాక్స్ ఇంకడం) చాలలేదు. కరిగించి, మళ్లీ తాజా వాక్స్‌లో ఉంచాలి. నీరు మిగిలితే డీహైడ్రేషన్ (ఆల్కహాల్‌తో నీరు తీసేయడం) లోపం. అక్కడ జైలీన్ కూడా పాలలా తెల్లబడుతుంది. వాక్స్ తీసేసి, జైలీన్ మీదుగా అబ్సల్యూట్ ఆల్కహాల్ దాకా వెనక్కి వెళ్లి మళ్లీ ప్రాసెస్ చేయాలి. ముక్క 3–4 మి.మీ. కంటే మందంగా కోసి ఉంటే, అసలు తప్పు గ్రాసింగ్‌లోనే (మొదట ముక్కలు కోసే దశలోనే) మొదలై ఉండొచ్చు.

టిష్యూ బాగానే ఉండి, మొత్తంగా వాక్స్ నుంచి ఊడి వస్తోందా? అది వేరే కథ. మౌల్డ్‌లో వాక్స్ పొర కట్టాక టిష్యూ పెట్టారు, లేదా ఫోర్సెప్స్ చల్లగా ఉంది. దీనికి రీఎంబెడ్ చేస్తే చాలు. ఈ రెంటికీ తేడా చెప్పగలిగితే సగం గెలిచినట్టే.

ఓరియంటేషన్ మీకు తెలిసిందే: చర్మం అంచు మీద నిలబెట్టాలి, గొట్టాల్లాంటివి అడ్డకోత వచ్చేలా పెట్టాలి. వాక్స్ బాత్ మెల్టింగ్ పాయింట్ కంటే 2–3 డిగ్రీలు ఎక్కువుంటే చాలు.

ఇంత చిన్న టాపిక్‌కి అంత టైమా అని ఫ్రెండ్స్ అన్నారు. నేను చేసిందే సరైనదని ఇప్పటికీ అంటాను. పాడైన ప్రతి బ్లాక్ గురించీ అదే రోజు నోట్‌బుక్‌లో రాయండి. బద్ధకించకండి, రేపటికి వాయిదా వేయకండి. అది ఒక పేషెంట్ టిష్యూ, ఇంకో ముక్క దొరక్కపోవచ్చు.

"అన్నిటినీ కాపాడగలమా?" అని కచ్చితంగా అడుగుతారు. తడబడకుండా "లేదు సార్" అనండి. ఓవర్‌ప్రాసెస్ అయి పెళుసుబారిన టిష్యూ పూర్తిగా మామూలు స్థితికి రాదు. బ్లాక్ ముఖాన్ని ఐస్ నీళ్లలో కాసేపు నానబెట్టి, నెమ్మదిగా కోసి, వచ్చినంత సెక్షన్ (పలుచని పొర) తీసుకోవాలి.