కిట్టీ అడిగిన ప్రశ్న

దూరదర్శన్‌లో 1985లో వచ్చిన ‘కరంచంద్’ సీరియల్ గురించి మన బడి సంచికలో ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మన బ్యాచ్ వాళ్లకు మాత్రం ఆ ప్రశ్న రాదు. ఆ సీరియల్ రాకపోయి ఉంటే వార్షికోత్సవంలో మనం వేసిన డిటెక్టివ్ నాటిక ఉండేది కాదు. ఆ నాటిక గురించి ఇన్నేళ్లలో ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. అందుకే నేను రాస్తున్నాను.

తర్వాతి బ్యాచ్‌ల వాళ్ల కోసం కాస్త చెప్పాలి. అప్పట్లో కర్నూలులో వీధికి ఒకటో రెండో టీవీలు. చెక్క తలుపులున్న నలుపు తెలుపు ఈసీ టీవీ, పక్కన స్టెబిలైజర్, మిద్దె మీద యాంటెన్నా. రాత్రి పూట వచ్చే జాతీయ కార్యక్రమాలన్నీ హిందీలోనో ఇంగ్లీషులోనో ఉండేవి. మధ్యలో బొమ్మ ఆగిపోయి ‘రుకావట్ కే లియే ఖేద్ హై’ (అంతరాయానికి చింతిస్తున్నాం) అని అక్షరాలు పడేవి. మనలో సగం మందికి నోటికి వచ్చిన మొదటి హిందీ వాక్యం అదే. టీవీ ఉన్న ఇంటివాళ్లు చాప పరిచి వీధి పిల్లలందరినీ కూర్చోబెట్టేవాళ్లు. వాళ్లకు ఈ సంచిక ద్వారా నమస్కారం చెప్పుకుంటున్నాను.

కరంచంద్ ఒక ప్రైవేటు డిటెక్టివ్. నల్ల కళ్లద్దాలు పెట్టుకుంటాడు, చదరంగం ఆడతాడు, ఎప్పుడూ క్యారెట్ నములుతూ ఉంటాడు. హత్య జరిగిన ఇంట్లో అందరూ బిగుసుకుపోయి ఉంటే ఈయన తీరిగ్గా జేబులోంచి క్యారెట్ తీస్తాడు. పక్కన సెక్రటరీ కిట్టీ. ఆమెకు తోచింది తోచినట్టు అడిగేస్తుంది. ఆయన ‘షటప్ కిట్టీ!’ అంటాడు. చివర్లో చిక్కుముడి విప్పగానే ఆమె కళ్లు పెద్దవి చేసి ‘సర్, యూ ఆర్ ఎ జీనియస్’ అంటుంది. దానికీ జవాబు ‘షటప్ కిట్టీ’నే. కరంచంద్‌గా పంకజ్ కపూర్, కిట్టీగా సుస్మితా ముఖర్జీ. దర్శకుడు పంకజ్ పరాశర్. ఈయనే తర్వాత 1989లో మన శ్రీదేవితో ‘చాల్‌బాజ్’ తీశాడు. ఆమెను అంత చక్కగా నవ్వించిన దర్శకుడు అంతకుముందే కిట్టీని నవ్వించాడని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

అంతకుముందు మనకు తెలిసిన డిటెక్టివ్ అంటే అద్దె పుస్తకాల షాపులో దొరికే యుగంధర్. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ గంభీరమైన మనిషి, అసిస్టెంటు రాజు కూడా చురుకైనవాడే. వాళ్ల కథలు చదువుతుంటే రాత్రి బయటికి వెళ్లాలంటే భయం వేసేది. కరంచంద్ చూస్తుంటే భయం వేయదు, నవ్వొస్తుంది. అయినా హంతకుడెవరో తెలుసుకోవాలన్న టెన్షన్ మాత్రం పోదు. నవ్విస్తూ ఆ బిగువు సడలకుండా నడపడం ఎంత కష్టమో స్టేజీ ఎక్కేదాకా మనకు తెలియలేదు.

హిందీ అర్థం కాని మనకు మాటలు విప్పి చెప్పింది పాతబస్తీ నుంచి వచ్చే మన క్లాస్‌మేట్. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాడు కాబట్టి సగం అతనికి సులువుగానే అందేది. మిగతా సగం తన దఖ్నీలోకి, అంటే మన దక్కన్ ఉర్దూలోకి, అక్కడి నుంచి మన తెలుగులోకి దింపేవాడు. మరుసటి రోజు ఇంటర్వెల్‌లో వేపచెట్టు కింద కథంతా మళ్లీ చెప్పాల్సిందే. “ఒరేయ్, ఆయప్పకు ఎట్ల తెలిసిందిరా?” అని ఎవరన్నా అడిగితే “ఆగబ్బా, చెప్తాండా కదా” అని కరంచంద్ మాదిరే తల పక్కకు వాల్చేవాడు. హిందీ సారు ఇది విని కోప్పడలేదు. ఆ సంభాషణల్లోంచే మాటలు తీసి బోర్డు మీద రాసి, లింగభేదం, క్రియలు చెప్పారు. ‘కా, కే, కీ’ ఎక్కడ ఏది రావాలో నాకు అర్థమైంది ఆ వారాల్లోనే.

నాటిక ఆలోచన కూడా సారుదే. కథ మనమే అల్లుకున్నాం. బడిలో కంచు గంట మాయమవుతుంది. అనుమానితులు అటెండరు, డ్రిల్లు సారు, గేటు దగ్గర రేగిపండ్లు అమ్మే అవ్వ, సున్నం వేయించడానికి వచ్చిన కాంట్రాక్టరు. తెలుగు సారు మాత్రం మొదట ఒప్పుకోలేదు. ఆయన పద్యనాటకాల మనిషి. హార్మోనియం లేకుండా, ఒక్క పద్యం లేకుండా నాటకమేమిటని ఆయన బాధ. కర్నూలు చుట్టుపక్కల ఊళ్లలో తెల్లవార్లూ ‘కురుక్షేత్రం’ చూసి, రాగం నచ్చితే ‘వన్స్‌మోర్’ అని అరిచే జనం మధ్య పెరిగిన ఆయనకు ఆ మాత్రం బాధ న్యాయమే. అయినా రిహార్సల్‌కు వచ్చి కూర్చున్నారు. అసలు విషయం చెప్పింది ఆయనే. టీవీలో మొహం దగ్గరగా చూపిస్తారు కాబట్టి ఆ నటుడు కనుబొమ్మ కదిలిస్తే చాలు; మీ స్టేజీకి దూరంగా కూర్చున్న వాళ్లకు కనుబొమ్మ కనపడదు, క్యారెట్టూ కనపడదు, మరి ఏం చేస్తారు అని.

ఆ మాట పట్టుకునే మన కరంచంద్ క్యారెట్‌ను మైకు దగ్గరికి తెచ్చి కొరికాడు. టక్కుమని శబ్దం చివరి వరుస దాకా వినిపించింది. ఆ తర్వాత జనానికి అది గుర్తుగా మారిపోయింది. టక్కుమంటే ఏదో తట్టిందన్నమాట. ఒక్క సంభాషణ లేకుండా డిటెక్టివ్ ఆలోచిస్తున్నాడని చెప్పడానికి అంతకంటే మంచి ఉపాయం నేను పెద్ద నాటకాల్లో కూడా చూడలేదు.

కిట్టీ పాత్ర వేసిన అమ్మాయి పేరు ఇక్కడ రాయొద్దని తనే కోరింది. పేరు లేకపోయినా ఆమె చేసింది రాయాలి. అప్పటి ఊళ్లో ఆడపిల్ల స్టేజీ ఎక్కి, అందులోనూ నవ్వించే పాత్ర వేయడమంటే ఇంట్లో ఒప్పించడమే పెద్ద పని. రాతప్రతిలో కిట్టీకి తెలివితక్కువ మాటలే రాసి ఉన్నాయి. రిహార్సల్‌లో ఆమె ఒక ప్రశ్న చేర్చింది. “గంట ఎత్తుకపోయినోడు ఆ కొయ్యసుత్తి ఎందుకు ఇడిసిపెట్టి పోయినాడు సార్?”

“షటప్ కిట్టీ!” అన్నాడు మన కరంచంద్. టక్. కాసేపు మౌనం. అప్పుడు అర్థమవుతుంది. గంట మోగించుకోవడానికి పట్టుకెళ్లేవాడైతే సుత్తి కూడా తీసుకుపోతాడు. కంచు అమ్ముకునేవాడికి కొయ్యతో పనిలేదు. అక్కడి నుంచి కాంట్రాక్టరు దాకా దారి తిన్నగా వెళ్తుంది. ఆ ప్రశ్న లేకముందు మన కథలో దొంగ ఎట్ల దొరుకుతాడో మనకే సరిగ్గా తెలియదు.

అప్పటి నుంచి నేను అసలు సీరియల్‌ను కూడా కిట్టీ వైపు నుంచే చూస్తున్నాను. ఆమెను తెలివితక్కువదనడం తప్పు. చూసేవాళ్ల మనసులో ఉన్న ప్రశ్నను సిగ్గుపడకుండా పైకి అనేది ఆమె ఒక్కతే. ఆమె అడక్కపోతే ఆయన చెప్పడు, ఆయన చెప్పకపోతే చాప మీద కూర్చున్న మనకు తెలియదు. పైగా ఒకే మాటకు ప్రతివారం కసురు తింటూ, జాలి పుట్టించకుండా నవ్వు పుట్టించడం మామూలు నటి వల్ల కాదు. సుస్మితా ముఖర్జీ, పంకజ్ కపూర్ ఇద్దరూ ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో చదువుకున్నవాళ్లే. ఆ తేలికదనం వెనక ఎంత సాధన ఉందో అది తెలిశాక ఇంకా గౌరవం పెరిగింది.

కపూర్ గారిని తర్వాత మనమందరం ‘రోజా’లో చూశాం, 1992లో. తీవ్రవాది లియాఖత్‌గా ఆయన తెరమీదికి రాగానే హాల్లో నా పక్కనున్న మన దఖ్నీ అనువాదకుడు “మన కరంచంద్‌రా!” అని కేక పెట్టాడు. ఆ మనిషిలో క్యారెట్ నమిలిన మనిషి ఆనవాలు కూడా లేదు. ‘మక్బూల్’లో ముఠా నాయకుడిగా జాతీయ అవార్డు తెచ్చుకున్నదీ ఆయనే, ‘ఆఫీస్ ఆఫీస్’లో కౌంటర్ల చుట్టూ తిరిగే ముసద్దీలాల్ కూడా ఆయనే. సుస్మితా ముఖర్జీని 2006 ‘గోల్‌మాల్’లో చూపులేని వృద్ధురాలిగా చూసినప్పుడు, మాట విసరడంలో అదే లెక్క కనిపించింది. ‘కరంచంద్’ మళ్లీ సోనీలో వచ్చింది. అందులో కిట్టీ సుచేతా ఖన్నా. ఆమె బాగానే చేసింది, కానీ నా మనసు పాత కిట్టీ దగ్గరే ఉండిపోయింది.

ఇక సంచిక కమిటీకీ, మిత్రులకూ నా మనవి. ఆ నాటిక రాసుకున్న లాంగ్‌సైజు నోటుబుక్కు డిసెంబరు సెలవుల తర్వాత ఎవరి దగ్గరికి వెళ్లిందో తెలియదు. మీ ఇళ్లలో అటక మీద పాత పెట్టెలుంటే ఒకసారి వెతకండి. దొరికితే ఈసారి కలిసినప్పుడు మళ్లీ వేద్దాం. దొరక్కపోయినా వేద్దాం, గుర్తున్నంత వరకు నేను రాసిపెడతాను. కిట్టీ వేషానికి ఆమె ఒప్పుకుంది. ఈసారి ఆమె షరతు ఒకటే: కొయ్యసుత్తి ప్రశ్నకు ‘షటప్’ అనకూడదట.