పై పన్నా, కింది పన్నా: నా రూట్ కెనాల్ కథ

నొప్పి పై దవడలోనే ఉందని ఎవరడిగినా ఒట్టేసి చెప్పేవాణ్ణి. డెంటిస్ట్ కుర్చీలో కూర్చుని కూడా వేలు పెట్టి ఆ పన్నే చూపించాను. ఆవిడ సరేనన్నారు గానీ అంతటితో ఆగలేదు. చిన్న అద్దాన్ని తిరగేసి, దాని పిడితో పళ్లను ఒక్కొక్కటే తట్టుకుంటూ వచ్చారు. నేను చూపించిన పన్ను కిక్కురుమనలేదు. అదే వైపు కింద, ఎప్పుడో ఫిల్లింగ్ వేయించుకున్న పెద్ద దవడ పన్ను మీద టక్కున తట్టగానే చుక్కలు కనిపించాయి.

పంటి లోపల నరం వాచినప్పుడు ఇది మామూలేనట. పై పళ్ల కబురైనా, కింది పళ్ల కబురైనా మెదడుకు మోసుకెళ్లేది ట్రైజెమినల్ అనే ఒకే పెద్ద నరం తాలూకు కొమ్మలు. అందుకని కబురు ఎక్కణ్ణించి వచ్చిందో మెదడు పోల్చుకోలేకపోవచ్చు. చెవిపోటు అనుకుని ముందు చెవి డాక్టర్ దగ్గరికి వెళ్లేవాళ్లూ ఉంటారు. ఎడమ వైపు నొప్పి కుడి వైపుకు మాత్రం సాధారణంగా దాటదు. ఏ వైపో చెప్పగలం, ఏ పన్నో చెప్పలేం.

ఆ తర్వాత దూదికి చల్లటి స్ప్రే కొట్టి పళ్లకు తాకించి చూశారు. బాగున్న పన్ను జివ్వుమంది, దూది తీయగానే సర్దుకుంది. కింది పన్ను దూది తీసేశాక కూడా లాగుతూనే ఉంది. అక్కడే ఉంది తేడా అన్నారు. చల్లదనానికి పన్ను జివ్వుమనడం పెద్ద విషయం కాదు. ఆ జివ్వు వెంటనే పోకుండా నిలబడిపోతోందంటే లోపలి నరం ఇక కోలుకునే దశ దాటిపోయినట్టు. నాకు ఇంట్లో కూడా అదే జరిగింది. మొదట్లో చన్నీళ్లకు మాత్రమే ఉండేది, తర్వాత వేడికి మొదలైంది, ఆ తర్వాత ఏ కారణం లేకుండానే వచ్చేది. రాత్రిళ్లు మరీ నరకం. పడుకుంటే తలకు రక్తం ఎక్కువ చేరి సలుపు పెరుగుతుంది కాబట్టి దిండ్లు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని సగం కూర్చునే నిద్రపోయేవాణ్ణి, దాన్ని నిద్ర అంటే.

ఎక్స్‌రేలో పాత ఫిల్లింగ్ కింద పుచ్చు నరం దాకా పాకి ఉంది. ఒక వేరు కొసన చిన్న నల్లటి నీడ, అంటే అక్కడ ఎముక తరిగిందని గుర్తు. యాంటీబయాటిక్ రాస్తారేమో అనుకున్నాను. రాయలేదు. వాపు, జ్వరం లేనప్పుడు వాటితో పని లేదన్నారు. పంటి లోపల చచ్చిపోయిన కండకు రక్తం అందదు, రక్తం అందని చోటికి మందూ అందదు. నరం వాపు వల్ల వచ్చే నొప్పిని యాంటీబయాటిక్ తగ్గించదు కూడా. నొప్పికి ఐబుప్రొఫెన్, పారాసెటమాల్ కలిపి వాడమన్నారు, అదీ నాకు కడుపులో పుండ్లు, కిడ్నీ జబ్బు లేవని అడిగి తెలుసుకున్నాకే.

అసలు వైద్యం రూట్ కెనాల్ అన్నారు, అంటే పన్ను పీకకుండా లోపలి నరం తీసేసి, శుభ్రం చేసి మూసేయడం. మా అక్క సలహా వేరు. "పీకించేసుకోరా, పీడా విరగడవుతుంది. ఆ రూట్ కెనాల్ బాధ పగవాడికి కూడా వద్దు" అంది. ఆ మాటే డాక్టర్ దగ్గర ఎత్తితే ఆవిడ నవ్వి, పీకడం పావుగంట పనే గానీ పీకాక మిగిలే సందు సంగతి చూడాలి కదా అన్నారు. పక్క పళ్లు సందులోకి ఒరుగుతాయి, ఎదురుగా ఉన్న పై పన్ను కిందికి దిగుతుంది. అది జరగకుండా ఆ సందులో బ్రిడ్జో ఇంప్లాంటో, అంటే కట్టుడు పన్ను, పెట్టుకోవాలంటే దానికి పట్టే సమయం రూట్ కెనాల్ కంటే ఎక్కువే. పన్ను నిలబెట్టుకునే వీలుంటే నిలబెట్టుకోవడమే నయమని నాకూ అనిపించి డేట్ తీసుకున్నాను.

ఆ డేట్ రాకముందే తమాషా జరిగింది. ఒక పొద్దున లేచేసరికి నొప్పి లేదు. చన్నీళ్లు తాగి చూశాను, లేదు. వేడిగా తాగి చూశాను, లేదు. ఇంక వెళ్లడం ఎందుకని ఇంట్లో చర్చ కూడా నడిచింది. ఫోన్ చేస్తే, "తగ్గిందా? అయితే తప్పకుండా రండి" అన్నారు ఆవిడ. నరం వాచినంత కాలం అరుస్తుంది, చచ్చిపోతే ఊరుకుంటుంది. ఇన్ఫెక్షన్ మాత్రం ఊరుకోదు, వేరు కొస దాటి ఎముకలోకి దిగుతుంది. ఇలా మధ్యలో నొప్పి పోయినప్పుడే చాలామంది రావడం మానేస్తారట, కొన్నాళ్లకు బుగ్గ వాచి వస్తారట.

ఇక అసలు సిట్టింగ్. అక్క చెప్పినంతా మనసులో పెట్టుకుని వెళ్లాను కాబట్టి చేతులు చల్లబడ్డాయి. ఏం మందులు వాడుతున్నారు, బీపీ ఉందా, రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటారా, ఏదైనా పడదా అని అడిగారు. కడుపు ఖాళీగా రావద్దని ముందే చెప్పారు, ఎలాగూ తర్వాత కొన్ని గంటలు తినలేం. అన్నిటికంటే నాకు ధైర్యం ఇచ్చింది ఒక్క మాట: "ఏమాత్రం తెలిసినా ఎడమ చెయ్యి ఎత్తండి, నేను ఆపేస్తాను."

చిగురు మీద జెల్ రాసి, దవడ చివరికంటా వెళ్లి ఇంజెక్షన్ ఇచ్చారు. సూది కంటే నన్ను కంగారు పెట్టింది తర్వాతి నిమిషం. గుండె దడదడలాడింది. మత్తు ఎక్కువసేపు నిలవడానికి ఆ మందులో అడ్రినలిన్ కలుపుతారని, ఆ దడ దాని వల్లేనని, నిమిషంలో పోతుందని చెప్పారు. పోయింది. ముందే చెబితే ఆ టెన్షన్ కూడా ఉండేది కాదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. కాసేపటికి కింది పెదవి, సగం నాలుక మొద్దుబారాయి. పెదవి ఇంత లావయిందేమో అనిపించింది. అద్దంలో చూసుకుంటే మామూలుగానే ఉంది.

పన్ను చుట్టూ రబ్బరు డ్యామ్ బిగించారు. పల్చటి రబ్బరు గుడ్డకు చిల్లు చేసి పన్నును మాత్రం బయటికి తీస్తారు, ఒక చిన్న క్లాంప్ దాన్ని పట్టుకుని ఉంటుంది. చూస్తే భయమేస్తుంది గానీ ఉన్నంతలో సుఖం అదే. నోట్లో నీళ్లు నిండవు, మందు నాలుక మీద పడదు, వేర్ల లోపల గీకి శుభ్రం చేసే సూదుల్లాంటి ఫైళ్లు జారినా గొంతులోకి పోవు. ముక్కుతో గాలి పీల్చుకుంటూ గుటకలు మింగుతూ ఉండొచ్చు. ముక్కు దిబ్బడ ఉంటే మాత్రం ముందే చెప్పాలి.

డ్రిల్ మొదలైంది. శబ్దం, అదురు తప్ప ఏమీ తెలియలేదు. ఓస్, ఇంతేనా అనుకుంటుండగా ఒక్కసారి కరెంటు తీగ తగిలినట్టు కొట్టింది. చెయ్యి దానంతటదే లేచింది. ఆవిడ వెంటనే ఆపేశారు. పంట్లో ఒక వేరులో నరం చచ్చిపోయినా ఇంకో వేరులో బతికే ఉండొచ్చట, నాది అదే బాపతు. పైగా అంతగా వాచి ఉన్న నరం మామూలు మత్తుకు ఒక పట్టాన లొంగదు. పెదవి మొత్తం మొద్దుబారినా సరే, పంటి లోపల మెలకువగానే ఉంటుంది. ముందు పంటికీ ఎముకకీ మధ్య సందులో ఇంకో ఇంజెక్షన్ ఇచ్చారు. అదీ చాల్లేదు. చివరికి, "ఇప్పుడు నేరుగా నరంలోకే ఇస్తున్నాను. ఒక్క క్షణం గట్టిగా తెలుస్తుంది, ఆ తర్వాత ఇంకేం ఉండదు" అని చెప్పి మరీ ఇచ్చారు. చెప్పినట్టే ప్రాణం జివ్వున లాగింది. చెప్పినట్టే ఆ తర్వాత ఏమీ లేదు. మొత్తం వైద్యంలో నిజంగా నొప్పి అనదగ్గది ఆ కాసేపే. అందరికీ ఇలా జరగదు, చాలామందికి మొదటి ఇంజెక్షన్‌తోనే పనైపోతుంది. జరిగితే మాత్రం పళ్లు బిగబట్టి భరించాల్సిన పని లేదు, చెయ్యెత్తితే వాళ్ల దగ్గర ఇంకా దారులుంటాయి.

మిగతాదంతా ఓపిక పరీక్ష. స్పాంజిలో గుచ్చిన ఫైళ్లు నా ఛాతీకి దగ్గరగా ఉన్న ట్రేలో కనిపిస్తున్నాయి: తెలుపు పిడి, పసుపు పిడి, ఎరుపు పిడి, ఒక్కో రంగు ఒక్కో లావుకు గుర్తు. ప్రతిదానికీ చిన్న రబ్బరు బిళ్ల ఉంది. దాన్ని స్కేలు మీద మిల్లీమీటర్ల లెక్కన జరిపి, అంతకంటే లోతుకు పోకుండా చూసుకుంటారు. ఆ లోతు చెప్పే మిషన్ ఇంకోటి. పెదవికి ఒక కొక్కెం తగిలించి, ఫైల్ లోపలికి దిగుతుంటే బీప్ బీప్ అంటుంది, వేరు కొసకు చేరేసరికి ఆ బీప్ తొందరపడుతుంది. నా పన్ను పైభాగం నుంచి వేరు కొస దాకా 20 మిల్లీమీటర్ల పైచిలుకు. వేరు లోపల నరం ఉండే సన్నటి దారినే కాలువ అంటారు. ముందు పళ్లకు సాధారణంగా ఒకటే కాలువ. కింది పెద్ద దవడ పన్నుకు రెండు వేర్లు, ఎక్కువగా మూడు కాలువలు, కొందరికి నాలుగు. "ఇంకోటి దొరికింది" అని ఆవిడ సంబరంగా అన్నప్పుడు నాకు ఏమంత సంబరం కలగలేదు. కానీ ఒక్క కాలువ వదిలేసినా అక్కడ మిగిలిన సూక్ష్మజీవులు మళ్లీ మొదటికి తెస్తాయి.

మధ్యమధ్యలో సోడియం హైపోక్లోరైట్‌తో కడుగుతుంటే బ్లీచింగ్ వాసన గుప్పుమంది. దవడ మాత్రం పీక్కుపోయింది. ఇంతసేపు నోరు తెరిచి ఉండటం ఇంత కష్టమని ఎవరూ చెప్పలేదు. వెనక పళ్ల మధ్య రబ్బరు దిమ్మ పెట్టమని అడిగాక ప్రాణం కుదుటపడింది. అడగాలంతే.

ఆ రోజుకు లోపల కాల్షియం హైడ్రాక్సైడ్ అనే మందు పెట్టి తాత్కాలిక ఫిల్లింగ్‌తో మూసేశారు. కొందరికి ఒకే సిట్టింగ్‌లో పూర్తి చేస్తారు, అది పన్ను పరిస్థితిని బట్టి. మత్తు దిగేదాకా తినొద్దన్నారు. తెలియకుండా నాలుకో బుగ్గో కొరుక్కునే ప్రమాదం ఉంది.

మత్తు దిగాక సాయంత్రం నొప్పి మళ్లీ వచ్చింది. నరం తీసేశాక నొప్పేమిటని కోపం కూడా వచ్చింది. తీసేసింది పంటి లోపలి నరం. పన్నును ఎముకకు పట్టి ఉంచే పొరలో నరాలు అలాగే ఉంటాయి, ఆ పొరే పుండుపడి ఉంటుంది. పాత సలుపులాంటిది కాదిది. నమిలితే తెలుస్తుంది, ముట్టకపోతే ఊరుకుంటుంది. రోజురోజుకూ తగ్గాలి. నాకు తగ్గుతున్నట్టే ఉండి ఒక చోట ఆగిపోయింది. నోరు మూస్తే ముందుగా ఆ పన్నే తగులుతోంది. వెళ్తే నీలం కాగితం కొరికించి, గట్టిగా అంటిన మచ్చ దగ్గర కాస్త అరగదీశారు. మర్నాటికి తేడా తెలిసింది. నొప్పి తగ్గే బదులు పెరుగుతున్నా, బుగ్గ వాస్తున్నా, జ్వరం వచ్చినా డాక్టర్‌కు వెంటనే ఫోన్ చేయాలి. నోరు తెరుచుకోకపోయినా, మింగడానికో ఊపిరికో కష్టంగా ఉన్నా ఫోన్లూ అపాయింట్‌మెంట్లూ కాదు, నేరుగా ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లిపోవాలి.

రెండో సిట్టింగ్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. శుభ్రం చేసిన కాలువల్లో గట్టాపెర్చా అనే గులాబీ రంగు సన్నటి పుల్లలు సిమెంటుతో కలిపి దట్టించారు. అది ఒక చెట్టు పాల నుంచి తీసిన పదార్థం. 1858లో అట్లాంటిక్ సముద్రం అడుగున వేసిన మొదటి టెలిగ్రాఫ్ తీగకు తొడుగు కూడా ఇదే. నా పంట్లో కబుర్లు మోసే తీగను తీసేసి తొడుగును మాత్రం నింపారన్నమాట.

ఇక్కడితో అయిపోయిందనుకునేవాళ్లే ఎక్కువ. నొప్పి లేదు, తినగలుగుతున్నాం, ఇంకా పన్ను మీద తొడిగే క్యాప్ ఎందుకు, డబ్బు కోసం చెబుతున్నారని అనుమానం. కానీ దవడ పన్ను లోపలంతా తొలిచేశాక మిగిలేది అంచుల గోడలే. నమిలే బరువు పడేది వాటి మీద. ఒక రోజు గట్టిదేదో కొరికితే చీలుతుంది. చీలిక వేరులోకి దిగిందంటే ఇంత కష్టపడి కాపాడుకున్న పన్ను పీకించుకోవాల్సిందే. ముందు పళ్లకు ఎక్కువ భాగం మిగిలి ఉంటే క్యాప్ లేకుండా కూడా నడుస్తుంది. నాది దవడ పన్ను కాబట్టి వేయించుకున్నాను. పన్ను చుట్టూ అరగదీసి, కొలత తీసుకుని, అసలు క్యాప్ వచ్చేదాకా తాత్కాలికమైనది పెట్టారు. అది రెండుసార్లు ఊడింది, పెద్ద విషయమేం కాదు గానీ విసుగు. అసలుది అతికించాక కొన్నాళ్లు నాలుక ఊరికే అక్కడికే పోయేది.

ఆ పన్నుకు ఇప్పుడు చల్లన, వేడి తెలియవు. క్యాప్ అంచున మళ్లీ పుచ్చు పట్టినా జివ్వుమని చెప్పదు. అందుకని ఆ సందులో ఫ్లాస్ చేయడం, అప్పుడప్పుడు ఎక్స్‌రే తీయించుకోవడం తప్పదు. ఏడాది తర్వాత తీసిన ఎక్స్‌రేలో వేరు కొసన ఉన్న నల్లటి నీడ పోయి ఎముక నిండింది. అదే ఎక్స్‌రేలో పక్క పన్ను మీద ఇంకో చిన్న మచ్చ చూపించి, ఫిల్లింగ్ వేద్దామన్నారు డాక్టర్. నొప్పేం లేదే అన్నాను. "లేనప్పుడే వేయాలండీ" అన్నారు. మత్తు ఇంజెక్షన్ కూడా అక్కర్లేకపోయింది, కాసేపట్లో అయిపోయింది.