రోంత

అమ్మ ముక్కుపుడకలో రవ్వ కదులుతా ఉందని నాలుగు రోజులుగా చెప్తానే ఉంది. ఈ పొద్దు వీలు చేసుకుని గాంధీ రోడ్డులో ఒక నగల షాపుకు తీసుకుపోయినాను. అక్కడ పనాయన భూతద్దం పెట్టి చూసి, "రవ్వ బాగుందమ్మా, దాన్ని పట్టుకునే కొక్కేలే అరిగిపోయినాయి. శుక్రవారం రండి" అన్నాడు. చీటీ మీద రాసిచ్చినాడు: రవ్వ 1, 5 సెంట్లు.

సెంటు అంటే నాకు ముందు భూమే గుర్తొస్తుంది, ఎకరాలో నూరో వంతు. వజ్రానికైతే కారట్‌లో నూరో వంతు. కారట్ 200 మిల్లీగ్రాములు. అంటే ఇన్నేండ్లుగా అమ్మ ముఖంలో మెరుస్తున్న ఆ రాయి తూకం 10 మిల్లీగ్రాములు!

ఇంటికొస్తా బస్సులో రవ్వ అనే మాటనే తలుచుకుంటా కూర్చున్నాను. వజ్రమూ రవ్వే, పొయ్యిలోనుంచి ఎగిరే నిప్పూ రవ్వే, పొద్దున ఉప్మాకు వేయించిందీ రవ్వే. ఏదైనా నలుసంతే ఉంటుంది. రవకు 'అంత' చేరితే రవంత. మా చిత్తూరు వైపు అదే రోంత.

చవక చౌక కాలేదా? చవితిని చౌతి అనడం లేదా? అదే దారిలో రవంత మా నోళ్ళలో రౌంత అయి, రోంత అయింది. ఇసుమంతలో ఇసుము కనిపిస్తుంది, గోరంతలో గోరు కనిపిస్తుంది. వీసమెత్తులో వీసం ఉంది, అది పదహారో వంతు. రోంతలో రవ్వ మాత్రం వెతికితేనే దొరుకుతుంది. అందుకే నాకీ మాట మీద ఇంత ప్రేమేమో.

హైదరాబాదులో హాస్టల్లో చేరిన కొత్తలో ఒకమ్మాయిని "రోంత జరుగు" అన్నాను. గదిలో అందరూ నవ్వినారు. వారం రోజులు నన్ను రోంతా అనే పిలిచినారు. అప్పటినుంచి 'కొంచెం' అలవాటు చేసుకున్నాను, ఊరికి ఫోన్ చేసినప్పుడు కూడా. అది మోటు మాటని నేనూ నమ్మేసినాను. అమ్మ మాటను అమ్మతో మాట్లాడేటప్పుడే దాచిపెట్టుకున్నానే అని ఈ రోజు బస్సులో చాలా బాధేసింది.

రాత్రి సంగటి, పుల్లగూర. ముక్కు కుట్టు పూడిపోకుండా అమ్మ చీపురుపుల్ల ముక్క పెట్టుకుని ఉంది. గరిటె పట్టుకుని వచ్చి, "రోంత ఏసుకో పాపా, ఏమీ తినకుండా ఉండావు" అనింది. రోంత అని గరిటె నిండా వేసింది. అమ్మ ఎప్పుడూ అంతే.

గిన్నె తీసుకుని లోపలికి పోతా ఉంటే పిలిచినాను.

"మా, ఇంకా రోంత."