పురుగుమందు కొట్టలేదు, పువ్వులే గిల్లాం

దసరాకి ఊరెళ్లి చిన్నాయనతో గొడవ పెట్టుకొచ్చాను. గద్వాల దగ్గర పల్లె మాది, అందరివీ సీడు పత్తి చేలే, అంటే హైబ్రిడ్ విత్తనాల కోసం వేసే పత్తి. ఆయన చేలో క్రాసింగ్‌కి వచ్చిన కూలీల్లో పదకొండేళ్ల పిల్ల కనిపిస్తే, బడి మాన్పించి దీన్నెందుకు పెట్టుకున్నావని అడిగాను. "దానితో మందు కొట్టిస్తున్నానా ఏంది, పువ్వులే కదా గిల్లేది" అన్నాడు. నా చిన్నప్పుడు మా అమ్మకి చెప్పిందీ ఇదే మాట.

క్రాసింగ్ చూడనివాళ్ల కోసం చెబుతాను. సాయంత్రం పూట, తెల్లారితే విచ్చే మొగ్గల్ని వెతికి పట్టుకుని, రేకులూ లోపలి పుప్పొడి తిత్తులూ గోటితో గిల్లేసి గుర్తు పెట్టాలి. పొద్దున్నే మగ లైను, అంటే పుప్పొడి కోసం విడిగా వేసిన మొక్కల పువ్వులు కోసుకొచ్చి, ఆ గిల్లిన వాటికి రుద్దాలి. యంత్రం లేదు, ఒక్కో పువ్వూ చేత్తోనే, అదీ రెండు మూడు నెలలు రోజూ. ఆడపిల్లల వేళ్లు సన్నగా ఉంటాయి, అందుకే పెడతాం అంటారు గానీ అసలు సంగతి కూలి తక్కువ, పైగా సీజన్‌కి ముందే ఇంట్లో అడ్వాన్స్ ఇచ్చేస్తే పిల్ల ఎక్కడికీ పోదు.

ఇక మందు సంగతి. 2002లో కాయ తొలిచే పురుగుని తట్టుకునే బీటీ పత్తి వచ్చాక కాయతొలుచు పురుగుకి కొట్టడం తగ్గింది, నిజమే, కానీ పచ్చదోమకీ తామర పురుగుకీ కొట్టక తప్పదు. పొద్దున ఒకాయన పంపు వేసుకుని కొట్టి పోతాడు, సాయంత్రానికి పిల్లలు అదే సాళ్లలో దిగుతారు. మొక్క వాళ్ల భుజాల దాకా ఉంటుంది, ఆకులు చేతులకీ మెడకీ రాసుకుంటాయి, అవే వేళ్లతో సద్ది తింటారు. మేం మోనో అని పిలిచే మోనోక్రోటోఫాస్ లాంటి మందులు చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతాయి. కొట్టేవాడికైనా మూతికి తువ్వాలు ఉంటుంది, గిల్లే పిల్లకి అదీ లేదు.

ఈ మందులు ఒంట్లో చేసే పని ఒక్కటే: నరం నుంచి కండకి వెళ్లిన సంకేతాన్ని ఆపే ఎంజైమ్‌ని పనిచేయనీయవు. దాంతో నోట్లో నీళ్లూరడం, వాంతులు, చెమట, కండలు అదరడం, కంటిపాప చిన్న చుక్కలా మారడం, ముదిరితే ఊపిరాడకపోవడం. కొంచెం కొంచెంగా తగిలితే తలనొప్పి, కడుపులో తిప్పడం, కళ్లు మసకలు, అంతే. అందుకే ఎవరూ పట్టించుకోరు. మా అక్క చేలో కక్కుకుంటే ఎండదెబ్బ అన్నారు, మజ్జిగ తాగించారు, మర్నాడు మళ్లీ పంపారు. పెద్దవాళ్లతో పోలిస్తే పిల్లలకి బరువుకి చర్మం ఎక్కువ, పీల్చే గాలీ ఎక్కువ, కాబట్టి అదే చేలో అంతే సేపు ఉన్నా వాళ్ల ఒంట్లో చేరేది ఎక్కువ. మెదడు ఇంకా ఎదుగుతున్న వయసు మరి.

2013లో బీహార్‌లో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు గుర్తుందా, వంట నూనెలో కలిసిందీ ఈ మోనోక్రోటోఫాసే. కూరగాయల మీద దీన్ని కొట్టకూడదని 2005లోనే ఆపేశారు. పత్తి మీద మాత్రం అప్పట్లో కొట్టుకోవచ్చన్నారు, పత్తిని ఎవరూ తినరు కదా అని కాబోలు.

చట్టం గుర్తుచేస్తే చిన్నాయన దగ్గర దానికీ జవాబుంది. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టకూడదు, కానీ 2016 సవరణ ప్రకారం బడి అయ్యాక సొంత ఇంటి పనిలో సాయం చేయొచ్చు. అడిగితే మా తమ్ముడి కూతురని చెబుతాడట! ప్రమాదకరమైన పనికి ఆ మినహాయింపు లేదంటే వినడు.

చివరికి గోడ గూట్లోంచి మందు డబ్బా తీయించాను. ఎర్ర త్రికోణం, పుర్రె బొమ్మ. కింద చీమల్లా ఉన్న తెలుగు అక్షరాలు ఆయన కంటికి ఆనలేదు, ఆ పిల్లనే పిలిచి చదవమన్నాడు. "పిల్లలకు అందకుండా ఉంచవలెను" అని కూడబలుక్కుంటూ చదివి, ఇంకా చదవాలా అన్నట్టు మా ఇద్దరి వంకా చూసింది.

చిన్నాయన డబ్బా గూట్లో పెట్టేసి, "ఇంకో ఇరవై రోజులేలే" అన్నాడు.