నల్లమలలో మా చలువ పందిరి

అడవిలో పందిరి వేయడమేంటి, నీడకేం తక్కువ అని అడుగుతారు చాలామంది. ఉగాది నాటికి నల్లమలను చూస్తే అలా అడగరు. టేకు, నల్లమద్ది, సోమి అన్నీ ఆకు రాల్చి మోడులై నిలబడి ఉంటాయి. కింద రాయి కాలుతుంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే బాగల్‌కోట, విజయపుర, బెళగావి, రాయచూరు వైపు నుంచి కన్నడ భక్తులు రోజుల తరబడి నడిచి ఆత్మకూరు మీదుగా వెంకటాపురం చేరి, శ్రీశైలం అడవి దారి పడతారు. భ్రమరాంబ వాళ్లకు ఇంటి ఆడపడుచు. పుట్టింటి సారె మోసుకెళ్తున్నట్టే చీర, గాజులు మూటగట్టుకుని వస్తారు.

వాళ్ల కోసం దారిలో పందిరి వేయాలని మా ఊళ్లో చందాలు పోగేసుకుని బయల్దేరాం. వెదురు బొంగులు, గుంజలు, కొబ్బరి తాడు, షేడ్ నెట్లు, నీళ్ల డ్రమ్ములు అన్నీ ఊరి నుంచే తెచ్చుకోవాలి. ఇది పులుల అభయారణ్యం, కొమ్మ విరిచినా ఊరుకోరు. నాగలూటి వీరభద్రస్వామి గుడి దాకా ట్రాక్టరు వచ్చింది. ఆపైన మెట్లే కాబట్టి అంతా తలమీదే. మాలో సగం మంది ఆఫీసు ఉద్యోగులు. మొదటి మోపుకే భుజాలు ఎర్రబడ్డాయి.

చోటు దగ్గరే పంచాయితీ మొదలైంది. చదునుగా ఉందని ఒకచోట సామాను దించాం. మాకు దారి చూపించడానికి వచ్చిన చెంచు పెద్దాయన కాసేపు ఊరికే చూసి, "ఆడ వద్దు సామీ. మద్దేనం దాటితే ఎండ ఆ వారనుంచి కొడతాది, పందిరుండీ లాభం ల్యా. ఇంకొంచెం పైకి రాండి" అన్నాడు. ఇంకో మలుపు ఎక్కాలంటే అందరికీ ప్రాణం ఉసూరుమంది కానీ, ఎక్కాం. అక్కడ పడమట గట్టు అడ్డం ఉంది. మూడు గంటలకల్లా ఆ గట్టు నీడే వచ్చి సగం చోటు కప్పేసింది.

గుంజలు నిలబెట్టడమే పెద్ద పని. గడ్డపార మూడు పోట్లు వేస్తే రాయి తగులుతుంది. జానెడు లోతులో ఏ గుంజ నిలుస్తుంది? పెద్దాయన చెప్పినట్టు గుంజ చుట్టూ పెద్ద రాళ్లు వలయంగా పేర్చి, సందుల్లో చిల్లరాళ్లు దిగ్గొట్టాం. ఊపి చూస్తే కదల్లేదు. పైన వాసాలకు బొంగులు కట్టేటప్పుడు మాలో బ్యాంకులో పనిచేసే అన్న వేసిన ముడులు ఒక్కటీ ఆగలేదు. "అన్నా, నువ్వు నీళ్లు మొయ్యి" అని దించేశాం. ఆయనకూ అదే కావాలేమో, నవ్వుకుంటూ దిగాడు.

జనం రావడం తెల్లవారకముందే మొదలైంది. "మల్లయ్యా" అన్న కేక ముందు వినిపిస్తుంది, తర్వాత మనిషి కనిపిస్తాడు. కొందరు మొక్కు కొద్దీ కాళ్లకు పొడుగాటి కర్రలు కట్టుకుని నడుస్తారు. మజ్జిగ బాగా తాగుతారని మా లెక్క. వాళ్లు ముందు అడిగింది కాళ్లు చాపుకునే చోటు. నీళ్లు కూడా ఆ తర్వాతే. ఒక ముసలావిడ పాదం కింద బొబ్బ పగిలి, దాంట్లో ఇసుక అంటుకుపోయి ఉంది. గోరువెచ్చటి నీళ్లతో కడుగుతుంటే మూలగలేదు. ఎంత దూరం ఉందని మాత్రం పదేపదే అడిగింది. మజ్జిగ కుండలు పక్కకు జరిపి, ఆ మూలంతా కాళ్లు కడిగి నూనె రాయడానికే వదిలేశాం.

మాకు బదులుగా వేరే బృందం రాగానే మేమూ పెద్దచెరువు మీదుగా నడిచి వెళ్లాం. భీముని కొలను దగ్గర లోయలోకి దిగి మళ్లీ ఎక్కడం ఉంది చూశారూ, ఆ దారిలో మిగతాదంతా ఒకెత్తు, అదొక్కటీ ఒకెత్తు. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ, అహోబిలానికీ మెట్లు కట్టించాడని బళ్లో చదివి వదిలేశాం. రాతి నేలలో నాలుగు గుంజలు పాతిన చేతులతో ఆ మెట్లు పట్టుకుని ఎక్కుతుంటే, రాయి ఎత్తిన కూలీల గురించే మాట్లాడుకున్నాం. రాజు పేరు శాసనాల్లో ఉంది, వాళ్ల పేర్లు ఎక్కడున్నాయి? కైలాస ద్వారం దాటాక మాటలు ఆగిపోయాయి, ఆయాసంతోనే.

దర్శనం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఉగాది రద్దీ, తోపులాట, క్షణం సేపు మల్లన్న.

తిరుగు ప్రయాణంలో పందిరి విప్పి, తాడు ముక్క కూడా మిగల్చకుండా ఏరుకొచ్చాం. నెట్లు మావి కావు, ఊళ్లో టమాటా నారు పెంచే ఒక రైతు దగ్గర అడిగి తెచ్చినవి. పండగ మర్నాడు పొద్దున్నే ఆయన ఫోను: "పుణ్యం మీరే ఉంచుకోండి గానీ, నా నెట్లు ఎప్పుడు పంపిస్తారబ్బీ? నారు మాడిపోతాంది."