చెవి తమ్మె కోసినా దొరకని జబ్బు: నా సార్కాయిడోసిస్ అనుభవం

నిన్న హైదరాబాద్‌లో రివ్యూ అయింది. డాక్టరుగారు పాత ఎక్స్‌రే, కొత్త ఎక్స్‌రే పక్కపక్కన పెట్టి చూపించారు. పాతదాంట్లో గుండెకి రెండు పక్కలా బంగాళాదుంపల్లా ఉబ్బిన గ్రంథులు. కొత్తదాంట్లో వెతికితే గానీ కనబడటం లేదు. "స్టెరాయిడ్ ఆపేద్దామమ్మా, వారం మాత్ర ఒక్కటే ఉంచుదాం" అన్నారు. తిరుగు బస్సులో రాత్రంతా నిద్ర పట్టలేదు. ఇంటికొచ్చి స్నానం చేసి, ఇది రాయడానికి కూర్చున్నాను.

నాకు వచ్చింది సార్కాయిడోసిస్. ఒంట్లోని రక్షణ కణాలు అక్కడక్కడా గుంపుగా చేరి ముద్దలు కట్టే జబ్బు. ఈ మాట మొదటిసారి నా చెవిన పడేసరికి తొమ్మిది నెలలు గడిచిపోయాయి. ఆ తొమ్మిది నెలల్లో నాకు ఇంకో రెండు జబ్బుల పేర్లు తగిలించారు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఏడో తరగతిలో సైకిల్ మీంచి పడితే మోకాలికి ఏడు కుట్లు పడ్డాయి. ముప్పై ఏళ్లుగా తెల్లగా, పలచగా ఉండిపోయిన ఆ మచ్చ కిందటేడు సంక్రాంతి వెళ్లగానే ఊదారంగుకి తిరిగి ఉబ్బింది. నొప్పి లేదు, దురద లేదు. నెల తిరక్కుండా మోచేతి పైన, వీపు మీద, ముక్కు పక్కన కందిగింజంత బొడిపెలు లేచాయి. మందుల షాపులో ఇచ్చిన తామర ఆయింట్‌మెంట్ రాశాను. ఏమీ తేడా లేదు. చర్మం డాక్టరు చూసి, "ఎందుకైనా మంచిది, కుష్ఠు పరీక్ష చేయించుకోండి" అని ఒక పెద్దాసుపత్రికి చీటీ రాశారు.

ఆ రోజు ఫిబ్రవరి ఆఖరు. పదో తరగతి పరీక్షలకి ఇరవై రోజులు కూడా లేవు. వరండాలో బల్ల మీద పదిహేను మందిమి కూర్చున్నాం. లోపల్నుంచి ఒకామె తలుపు దగ్గరికి వచ్చి, నా పేరు ఇంటిపేరుతో సహా చదివి, "కుష్టు టెస్టు ఎవరమ్మా? ఇట్రా!" అని కేకేసింది. నాకు రెండు సీట్ల అవతల మా ఎనిమిదో తరగతి పిల్లాడి తండ్రి ఉన్నాడు. అంతకు ముందే "నమస్తే మేడం" అని పలకరించిన మనిషి. సంచీ తీసుకుని లేచి, వెళ్లి గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

లోపల ముందు కళ్లు మూసుకోమన్నారు. దూది పోచతో మచ్చల మీద తాకితే ఎక్కడ తాకిందో చెప్పాలి. ప్రతిసారీ సరిగ్గా చెప్పాను. వేడినీళ్ల గొట్టం, చన్నీళ్ల గొట్టం ఆనించారు. అదీ తప్పు పోలేదు. తర్వాత చెవి తమ్మెను పటకారుతో రక్తం ఆగేలా గట్టిగా నొక్కి, బ్లేడుతో గాటు పెట్టి, అదే బ్లేడు అడ్డంగా తిప్పి లోపల గీకి గాజుపలక మీద పులిమారు. రెండు చెవులకీ, మోకాలికీ అంతే. బయటికొస్తే చెవి నుంచి రక్తం జాకెట్టు మీద కారుతోంది. నాకు దూది ఇచ్చింది అక్కడి సిబ్బంది కాదు. కుష్ఠుకి మందులు వాడుతున్న ఒక ముసలాయన. తన సంచీలోంచి తీసి ఇచ్చి, "గట్టిగా అదిమి పట్టుకో తల్లీ, ఆగిపోద్ది" అన్నాడు. ఆ పూట నాతో మనిషిలా మాట్లాడింది ఆయనొక్కడే.

రిపోర్టులో క్రిములు లేవని వచ్చింది. అయినా అనుమానం పోలేదన్నారు. క్రిములు కనబడని కుష్ఠు కూడా ఉంటుంది, ఆ మాట తప్పని నేనూ అనను. కానీ స్పర్శ పూర్తిగా ఉంది కదా, మచ్చలోంచి చిన్న ముక్క తీసి చూడండి అని అడిగాను. "లెక్కలు చెప్పుకునే టీచరమ్మకి ఇవన్నీ ఎందుకు?" అని మందుల అట్ట చేతిలో పెట్టారు. 28 రోజులది. అలాంటివి రెండు మింగాను. మూత్రం ఎర్రగా వచ్చేది, బొడిపెలు మాత్రం చెక్కుచెదరలేదు.

ఈలోగా బడికి వార్త నాకంటే ముందు చేరింది. స్టాఫ్‌రూమ్‌లో నా స్టీలు గ్లాసు అడుగున ఎవరో ఎర్ర గోళ్లరంగుతో చుక్క పెట్టారు. అది తోమినా పోలేదు. హెడ్మాస్టరు పిలిచి, "తల్లిదండ్రులు అడుగుతున్నారు మేడం, కాగితం తెచ్చేదాకా సెలవు పెట్టండి" అన్నారు. పదహారేళ్ల సర్వీసులో పరీక్షల ముందు ఒక్క సెలవు పెట్టని నేను వంద గడపలు ఎక్కి దిగినదానిలా ఇంట్లో కూలబడ్డాను. రోజూ సాయంత్రం ఫోన్లోనే పిల్లలకి త్రికోణమితి చెప్పాను. 41 మందిలో 39 మంది లెక్కల్లో పాసయ్యారు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకి పోలేను. నాకు కుష్ఠు లేదు గనుక నన్ను అలా చూడటం తప్పు అని నేను అనడం లేదు. ఉన్నా తప్పే. మందులు ఉచితం, నెలల్లో తగ్గిపోతుంది, మందు మొదలెట్టాక అంటుకునే గుణం త్వరగా పోతుంది, నూటికి తొంభై ఐదు మందికి దాన్ని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంటుంది. కుష్ఠు ఉందని విడాకులు తీసుకునే వీలు చట్టంలో 2019 దాకా ఉంది. చట్టం మారింది. స్టాఫ్‌రూములు మారలేదు.

జూన్‌లో పొడి దగ్గు పట్టుకుంది. మేడ మెట్లెక్కితే ఆయాసం, తెల్లారేసరికి ఒళ్లంతా నీరసం. ఎక్స్‌రేలో గ్రంథుల వాపు చూసి ఇంకొకరు టీబీ అన్నారు. తెమడలో క్రిమి లేదు. టీబీ పరీక్షకని చేతికి వేసిన సూది దగ్గర కాస్తయినా ఉబ్బలేదు. అయినా ఆరు నెలల మందులు రాసేశారు. ఈసారి నేను మింగలేదు. మా తమ్ముడు హైదరాబాద్‌లో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు.

ఆయన స్టెతస్కోపు కూడా పెట్టకముందే మోకాలు చూశారు. గాజుపలక తెచ్చి ఉబ్బు మీద గట్టిగా అదిమి, "చూడండి" అన్నారు. ఎరుపంతా పోయి, గాజు కింద పలచటి బెల్లం పాకం రంగు మిగిలింది. పాత మచ్చ ఇలా మళ్లీ లేవడం ఈ జబ్బు లక్షణాల్లో ఒకటట. "ఒంటి మీదే ముక్క అందుతుంటే ఇన్నాళ్లూ ఎవరూ తీయలేదా?" అన్నారు. అప్పుడు ఏడ్చాను.

ముక్క తీయడం పది నిమిషాల పని, ఒక కుట్టు. వారంలో రిపోర్టు. రక్షణ కణాలు గుంపుగా చేరి ముద్దలు కట్టాయి. టీబీలో అయితే ఆ ముద్ద నడిమధ్య జున్నులా కుళ్లుతుంది, ఇందులో కుళ్లలేదు. కుష్ఠులో నరాల వెంబడి పాకుతుంది, ఇందులో నరం జోలికి పోలేదు. క్రిముల కోసం వేసిన రంగుల్లోనూ ఏమీ తేలలేదు. ఛాతీలోని గ్రంథి నుంచి కూడా గొట్టంతో ముక్క తీసి టీబీ లేదని తేల్చుకున్నాకే పేరు పెట్టారు. 1899లో నార్వేలో బోక్ అనే చర్మవైద్యుడు ఇలాంటి బొడిపెలు చూసి, కండ గడ్డలా ఉన్నా ప్రాణం తీసేవి కాదని వాటికి "సార్కాయిడ్" అని పేరు పెట్టాడట. ఈ జబ్బు పేరు దాన్నుంచే వచ్చింది.

తర్వాతివన్నీ సులువుగా అయిపోయాయి. కంటి పరీక్ష బాగానే ఉంది. గుండెకి ఈసీజీ బాగానే ఉంది. ఈ రెండూ మాత్రం ఎవరూ మానొద్దు. కంట్లో వాపు చడీచప్పుడు లేకుండా చూపు తినేస్తుంది, గుండె లయ తప్పితే ప్రాణానికే ముప్పు. నా రక్తంలో కాల్షియం 11.6 ఉంది. నీరసానికని ఎవరో రాసిన విటమిన్ డి పొడి వారం వారం తాగుతున్నాను మరి. ఈ ముద్దలు తమంతట తామే విటమిన్ డిని చురుకైన రూపంలోకి మార్చేస్తాయి, పైనుంచి మనం పోస్తే కాల్షియం ఎగబాకుతుంది. ఆపగానే నా దాహం, మలబద్ధకం పోయాయి. ఏసీఈ అనే రక్తపరీక్షకి డబ్బు తగలేయకండి. అది పెరిగినా ఈ జబ్బేనని చెప్పలేరు, పెరగకపోయినా కాదనలేరు.

ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 30 మిల్లీగ్రాములతో మొదలెట్టి తగ్గించుకుంటూ వచ్చారు. మొహం ఉబ్బింది, షుగరు 210కి పోయింది, ఇప్పుడు దిగింది. డాక్టరుగారు అన్న వారం మాత్ర మెథోట్రెక్సేట్, అది వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుంది. అందుకే నాది గురువారమని క్యాలెండర్‌లో ఎర్ర ఇంకుతో చుట్టి పెట్టుకున్నాను.

అందరికీ ఒకేలా ఉండదట. పిక్కల ముందు ఎర్రగా, నొప్పిగా గడ్డలు లేచి, జ్వరం, కీళ్లనొప్పులతో వచ్చేవాళ్లలో చాలామందికి నెలల్లో దానంతటదే పోతుంది. ఆ గడ్డల్లోంచి ముక్క తీస్తే జబ్బు బయటపడదు, వేరేచోట తీయించుకోవాలి. ముక్కు, బుగ్గల మీద ఊదారంగులో దళసరిగా పరుచుకునే రకం మొండిది, ఏళ్లు సాగుతుంది. ఊపిరితిత్తులు గట్టిపడిపోతే మళ్లీ మెత్తబడవు. నాకు ముక్కు పక్కన ఉన్నవి చిన్న బొడిపెలే గనుక అణిగిపోయాయి. మోకాలి మచ్చ చదునై గోధుమరంగులో ఉంది.

మందులు మొదలెట్టిన వారానికే, ముక్క పరీక్ష రిపోర్టు హెడ్మాస్టరు బల్ల మీద పెట్టి క్లాసుకి వెళ్లాను. ఆయన చదివి, నాకు ఏమీ చెప్పకుండా ఫైల్లో పెట్టుకున్నారు. ఎర్ర చుక్క గ్లాసు ఇంటికి తెచ్చేసుకున్నాను. కొత్త ఎక్స్‌రే మళ్లీ ఏప్రిల్‌లో.